అల వెనక పిల్ల అల

ఆ మంగళవారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. కాసేపు మంచు రాల్చింది. కాసేపు వాన కురిపించింది. చివరికి రెండూ మానేసి, కొండ మీద బూడిదరంగు ముసుగుతన్ని పడుకుంది.

అసెన్ కారు తాళాలు బల్ల మీద పడేశాడు.

"నేను రాను. మూడు వారాల కిందట పోయాం. ఆ సూది మిషను ఏం చెప్పింది? ఏమీ లేదంది. ఇవాళ పోతే ఏం చెబుతుంది? ఏమీ లేదనే చెబుతుంది. ఆ ముక్క చెప్పించుకోడానికి రెండున్నర గంటలు కొండ దిగాలా?"

నెవెనా కోటు గుండీలు పెట్టుకుంటోంది. పై నాలుగూ పెట్టింది. అయిదోది చేతికి చిక్కింది కానీ కాజాలోకి పోలేదు. వేళ్ళు దాని చుట్టూ తిరిగి తిరిగి ఆగిపోయాయి. కాసేపు చెయ్యి జారవిడిచి నిలబడింది.

అత్త వెలికా పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, ఆ గుండీ పెట్టింది. ఆరోదీ పెట్టింది.

"చూశావా నాన్నా," అన్నాడు అసెన్. "ముప్పై నాలుగేళ్ళ మనిషికి అమ్మ గుండీలు పెడుతోంది."

గెన్చో ముసలాయన పొయ్యి పక్క ముక్కాలిపీట మీద కూర్చుని ఆవు మెడగంట పట్టెడ కుడుతున్నాడు. తల ఎత్తలేదు.

"పోయిన ఏడు ఎర్రావు పాలు తగ్గిస్తే పశువుల డాక్టర్లని ముగ్గుర్ని తీసుకొచ్చావు. పెళ్ళాం కోసం రెండోసారి కొండ దిగాలంటే నీ టైర్లు అరుగుతున్నాయేంట్రా?"

"ఆవు అబద్ధం చెప్పదు నాన్నా."

పొయ్యిలో తడి కట్టె చిటపటలాడింది.

"నేను చెబుతానా?" అంది నెవెనా.

"నేనలా అన్లేదు."

"అన్నావు."

"మరి నువ్వే చెప్పు. మొదటి ఆవు దగ్గర నీ చేతులు బాగానే ఉంటాయి. మూడో ఆవుకొచ్చేసరికి పడిపోతాయి. ఓ అరగంట కూర్చుంటే మళ్ళీ లేస్తాయి. కూర్చుంటే పోయే రోగానికి మన ఊళ్ళో ఒకటే పేరుంది."

ఆ పేరు అతను చెప్పలేదు. బద్ధకం అనే మాట ఆ ఇంట్లో శీతాకాలమంతా పైకి రాకుండానే తిరిగింది. నూతి దగ్గరా, కొట్టు దగ్గరా మాత్రం బాహాటంగానే తిరిగింది.

"ఆదివారం రొట్టెముక్క గొంతులో ఆగిపోయింది," అంది నెవెనా. "మీ నాన్న వీపు మీద గుద్దితే బయటపడింది. అదీ బద్ధకమేనా? గొంతుక్కూడా బద్ధకమా?"

అసెన్ కిటికీ వైపు తిరిగాడు.

"ఈసారి మిషనుకి దొరక్కపోతే డాక్టరమ్మ నా కాగితాలు మూసేస్తానంది. పిచ్చి డాక్టరుకి రాసిస్తానంది. ఆ తర్వాత నా గొంతు ఎవరు చూస్తారు? నువ్వు చూస్తావా?"

అసెన్ తాళాలు తీసుకున్నాడు. తలుపు తోసుకుని బయటికి పోయాడు. కారు రెండుసార్లు దగ్గి స్టార్టయింది.

వెలికా కప్పు తెచ్చి కోడలి చేతికిచ్చింది. రెండు చేతులతో పట్టుకునేదాకా వదల్లేదు.

"తాగు. దారికి వెచ్చగా ఉంటుంది."

లిండెన్ పూల టీ, తేనె. అడుగున ఇంకేదో రుచి. నెవెనా ఒక గుక్క మింగి మొహం చిట్లించింది.

"ఇవాళ చేదెక్కువైందత్తా."

"తేనె తక్కువేశాను. తాగు, తాగు. మొత్తం తాగు."

ఆమె మొత్తం తాగింది. గెన్చో మొదటిసారి తలెత్తి భార్య వైపు చూశాడు. మళ్ళీ పట్టెడ మీదికి వంగాడు.

*

ప్లోవ్‌దివ్ పట్నం దారిలో కారు రెండుచోట్ల ఆపాల్సి వచ్చింది. రెండుసార్లూ నెవెనాయే ఆపమంది. కడుపులో మెలిపెట్టినట్టుందని పెట్రోలు బంకు వెనక్కి పోయి వచ్చింది.

"భయమా?" అన్నాడు అసెన్. దాంట్లో కొంచెం జాలి కూడా ఉంది.

"కాదు. పొద్దున్నించీ నోట్లో నీళ్ళూరుతున్నాయి."

అసెన్ మళ్ళీ కారు రోడ్డెక్కించాడు.

ఆసుపత్రి నేలమాళిగలో, పొడవాటి నడవ చివర ఉంది ఆ గది. డాక్టర్ స్లావ్చెవా కాగితాల్లోంచి తలెత్తకుండానే కూర్చోమంది. ఆమె గొంతు వారం రోజులుగా నిద్రలేని మనిషి గొంతులా ఉంది.

"మీ రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. అది కొందరిలో అంతే, దాన్నిబట్టి జబ్బు లేదని చెప్పలేను. మొదటిసారి విద్యుత్ పరీక్షలోనూ తేలలేదు. శరదృతువులో నా దగ్గరికి వచ్చినప్పుడు మీ ఎడమ కనురెప్ప సగం వాలి ఉంది, అది నేను కళ్ళారా చూశాను. అందుకే రెండోసారి పిలిచాను. మూడోసారి పిలవలేను. కండరాల బలం నిలబెట్టే మందులు చిన్నవి కావు. మిషను ఒప్పుకోకుండా వాటిని మీ ఒంట్లోకి పంపడం నావల్ల కాదు."

"అర్థమైంది," అంది నెవెనా.

అసెన్ నడవలో బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు ఓరగా ఉండిపోయింది.

మిషను నడిపేది మించో అనే బట్టతల మనిషి. ఆ గదిలోనే పాతికేళ్ళుగా పనిచేస్తున్నాడు. ముందు ఆమె కుడిచెయ్యి తీసుకుని ఎర్రదీపం కింద పెట్టాడు.

"కాగనియ్యమ్మా. చల్లటి చెయ్యి అబద్ధం చెబుతుంది. జబ్బున్నా లేనట్టే ఉంటుంది."

"పొద్దున్నించీ అందరూ అబద్ధాల గురించే మాట్లాడుతున్నారు," అంది నెవెనా.

మించో నవ్వాడు. ఆమె మణికట్టు మీది ఎరుపూ తెలుపూ పేనిన మార్చి దారాన్ని, మార్చి మొదట్లో మంచి జరగాలని అందరూ కట్టుకునేదాన్ని, చూపించాడు.

"ఇది తియ్యాలి. సరిగ్గా దీని కిందే నరం ఉంటుంది."

"వసంతంలో మొదటి కొంగ కనబడకుండా తియ్యకూడదు. మా అత్త కట్టింది."

"నాకూ ఇంకా కనబళ్ళేదు." తన చొక్కా చెయ్యి పైకి లాగి తన దారం చూపించాడు. "సరే, మోచేతి దాకా జరుపుదాం. దేవుడికీ కోపం రాదు, డాక్టరమ్మకీ రాదు."

చిటికెనవేలి పక్క కండ మీద చిన్న రేకు అంటించాడు. మణికట్టు దగ్గర రెండు మొనల పుల్ల ఆనించాడు. కరెంటు టక్కుమని కొట్టింది. నెవెనా చిటికెనవేలు ఆమెనడక్కుండానే ఎగిరింది. తెర మీద ఒక అల లేచి దిగింది.

"ఇప్పుడు వరసగా పది. సెకనుకి మూడు. చెయ్యి బిగించకు."

టక్ టక్ టక్. చిటికెనవేలు ఎగురుతోంది. మూసి తెరిచి, మూసి తెరిచి. ఇది పాలు పితకడమే అనుకుంది నెవెనా. మొదటి ఆవు, రెండో ఆవు. ఇప్పుడు పడిపోవాలి. పడిపో, అంది వేలితో లోపల్లోపల. ఇంట్లో రోజూ పడిపోతావు కదా, ఇక్కడ పడిపో.

వేలు పడిపోలేదు.

డాక్టరమ్మ తెర దగ్గరికి వంగింది. జబ్బుంటే పది అలలూ మెట్లు దిగినట్టు దిగాలి. అవి దిగలేదు. కంచె గుంజల్లా పదీ ఒకే ఎత్తున నిలబడ్డాయి.

"నిమిషంపాటు వేలు గట్టిగా బిగించి పట్టుకోండి. మళ్ళీ చూద్దాం."

బిగించింది. మళ్ళీ పది. మళ్ళీ గుంజలు. మెడ దగ్గర భుజం కండ మీద పెట్టారు. అక్కడా గుంజలే. బొటనవేలి కండలోకి సన్నటి సూది గుచ్చి బిగించమన్నారు. మిషన్లోంచి రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు చప్పుడొచ్చింది. ఆ చప్పుడు ఎక్కడా తడబడలేదు.

"బాగానే ఉంది," అంది డాక్టరమ్మ. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో సంతోషం లేదు.

నెవెనా పైకప్పు చూస్తూ పడుకుంది. కంటి చివర్నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. తుడుచుకోలేదు.

"ఇంటికొచ్చి చూడండి డాక్టరమ్మా," అంది. "మూడో ఆవు దగ్గరికొచ్చి చూడండి. మీ మిషను మా గొడ్లచావిట్లో పట్టేస్తుంది."

డాక్టరమ్మ కలం తీసింది. కాగితం మీద పెట్టింది.

"ఒక్క క్షణం," అన్నాడు మించో.

అతను తెరను పెద్దది చేసి చూస్తున్నాడు. వేలుపెట్టి చూపించాడు.

"ఇదేంటో చూడండి. పెద్ద అల దిగింది కదా? దాని వెనక ఇంకో చిన్నది. గొర్రె వెనక పిల్లలాగా. ఇక్కడా ఉంది. ఇక్కడా. ఒక్క దెబ్బ కొడితే రెండు అలలు."

"గీత వణికిందేమో."

"పదిచోట్లా ఒకేచోట వణుకుతుందా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. మూడు వారాల కిందటి కాగితాలు తీయించింది. దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది. అక్కడా ఉంది. ఇంకా చిన్నది, బియ్యపుగింజంత. ఆ రోజు ఆమె కళ్ళ ముందునుంచే పోయింది.

"నా కళ్ళు పొడవ," అంది మెల్లగా.

తర్వాత టార్చి తీసుకుని నెవెనా మొహం మీదికి వంగింది. కంటిపాపలు గసగసాలంత ఉన్నాయి. కింది రెప్ప చర్మం లోపల పురుగు పాకినట్టు అదురుతోంది. దిండు అంచు నోటి దగ్గర తడిసి ఉంది.

"ఏం మందు వేసుకున్నారు?"

"మీరు ఇవ్వందే నాకు మందెక్కడిది?"

"చూడండి, దాచకండి. ఈ పిల్ల అల దానంతటది రాదు. నరానికీ కండకీ మధ్య పనిచేసే మందు ఒంట్లో ఉంటేనే వస్తుంది. అందులోనూ ఎక్కువ మోతాదులో ఉంటేనే. ఆ మందు జబ్బు మీద దుప్పటి కప్పేస్తుంది, మిషనుకి కనబడదు. లేదూ, మీకు జబ్బే లేదు, మందొక్కటే ఉంది. నేనేమని రాయాలి?"

తలుపు పూర్తిగా తెరుచుకుంది. అసెన్ గడపలో నిలబడి ఉన్నాడు.

"మాత్రలు వేసుకుంటున్నావా?" అన్నాడు. "ఎక్కడ దాచావు?"

నెవెనా లేచి కూర్చుంది. మోచేతి దగ్గరున్న మార్చి దారాన్ని మణికట్టు దాకా లాక్కుంది. ఆమె చూపు గోడ మీద ఎక్కడో నిలిచిపోయింది.

"ఏం తిన్నారు ఇవాళ?" అంది డాక్టరమ్మ, ఈసారి మెల్లగా.

"తినలేదు. టీ తాగాను."

"ఏం టీ?"

"ఇంట్లో చేసిన టీ."

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బల్ల మీది పుస్తకం తిప్పింది.

"గురువారం పొద్దున ఎనిమిదింటికి ఒకరు రావడం లేదు. ఆ తర్వాత మే నెలదాకా ఖాళీ లేదు. ఇప్పట్నుంచి గురువారం దాకా మాత్ర, టీ, వేరు, ఆకు, ఏదీ నోట్లో పెట్టొద్దు. తిండి, నీళ్ళు, అంతే. ఇంకో మాట. ఊపిరి ఆడకపోయినా, గుక్కెడు నీళ్ళు దిగకపోయినా గురువారం కోసం చూడొద్దు. అప్పటికప్పుడు బయల్దేరి వచ్చెయ్యండి. వింటున్నారా?" చివరి మాట అసెన్‌తో అంది.

"వింటున్నాను," అన్నాడు అసెన్. అతను నెవెనానే చూస్తున్నాడు.

*

అసెన్ పట్నం దాటేదాకా ఆగాడు.

"ఎవరిచ్చారు?"

నెవెనా మణికట్టు మీది దారాన్ని వేలితో తిప్పుతోంది.

"మందుల షాపులో మా మేనత్త కూతురు పనిచేస్తోంది కదా, అదేనా? మిషను దగ్గరికి మందేసుకుని ఎవరైనా పోతారా నెవెనా? జబ్బుందని చెప్పి, జబ్బు లేనట్టు కనబడ్డానికి మందా? నీకేం కావాలసలు?"

"తిన్నగా చూసి నడుపు."

"తిన్నగానే నడుపుతున్నా! వంకరగా నడిచేది నువ్వు!"

నెవెనా అద్దానికి తల ఆనించింది. అతని మాటలు వినబడుతూనే ఉన్నాయి కానీ లోపల ఇంకో లెక్క నడుస్తోంది. ఈ శీతాకాలంలో చేతులు మాట విన్న రోజులు ఏవేవి? మామగారి పేరుగల పునీతుడి పండగ రోజు. ఇరవై మందికి వడ్డించింది, రెప్ప వాలలేదు. చుట్టాల పెళ్ళి రోజు. అందరితో చేతులు పట్టుకుని మూడు పాటలకి ఆడింది. అది చూసే ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు, పాలకి లేని చేతులు ఆటకున్నాయని. మొదటి పరీక్ష రోజు. ఇవాళ.

నాలుగు రోజులూ పొద్దున్నే కప్పు. నాలుగుసార్లూ అడుగున ఆ చేదు.

"నీతోనే మాట్లాడుతున్నా," అన్నాడు అసెన్.

"ఇంటికి పద," అంది ఆమె.

కొండ ఎక్కుతుండగా మంచు మళ్ళీ మొదలైంది. అడివి అంచున, కరగని మంచులోంచే తెల్ల కొకిచె పూలు తలలు వంచుకుని గుంపులుగా నిలబడ్డాయి. నెవెనా వాటిని చూస్తూనే ఉంది. మలుపు తిరిగాక కూడా వెనక్కి తిరిగి చూసింది.

*

పొద్దు ఇంకా వాలలేదు. వెలికా పెరటి పాకలో చిక్కుడు గింజల చారు కాస్తోంది. నెవెనా కోటు విప్పకుండానే లోపలికొచ్చి, చూరు కింది చెక్క మీద ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూడటం మొదలెట్టింది. పుదీనా. ఎండు మిరప. లిండెన్ పూలు. ఆఖరున, గోడకానించిన సంచి వెనక, గాజు సీసా. అందులో వేలెడంత కూడా లేని ఎండు గడ్డలు, చిన్న ఉల్లిపాయల్లా.

"అత్తా, ఇవేంటి?"

వెలికా గరిటె తిప్పుతూనే ఉంది.

"ఇవేంటని అడుగుతున్నా."

"విషమేం కాదు."

అసెన్ గుమ్మంలోకి వచ్చాడు. అతని వెనక గెన్చో, ఒక చేతిలో పట్టెడ.

"కొకిచె పూల గడ్డలు," అన్నాడు గెన్చో. "ఏమే, వీటిని ముట్టనని ఒట్టేశానని చెప్పావు కదా."

గరిటె ఆగింది.

"చెప్పాను. మా అమ్మ నాతో ప్రతిమ మీద చెయ్యేయించి ఒట్టేయించింది. మా తమ్ముడికి కాళ్ళు చచ్చుబడ్డ ఏడు ఊళ్ళో తొమ్మిదిమంది పిల్లలు పోలియోతో పడిపోయారు. మా నాయనమ్మ ఈ గడ్డలే కాచి పోసింది. వాడొక్కడే లేచాడు. చచ్చేదాకా కర్రతో నడిచాడు, కానీ నడిచాడు. మరుసటేడు పక్కింటామె తన పిల్లకి చెంబెడు పోసింది. ఆ పిల్ల పొద్దున్నకి లేదు. ఊళ్ళో వైద్యుడొచ్చి సీసాలన్నీ రాళ్ళకేసి కొట్టాడు. ఇంక ఎవరూ వీటి పేరెత్తలేదు."

"మరి నువ్వెందుకు ఎత్తావమ్మా?" అన్నాడు అసెన్. "దానికేమన్నా అయ్యుంటే?"

వెలికా కొడుకు వైపు తిరిగింది. ఆమె అరవలేదు. ఆ ఇంట్లో ఆమె అరవగా ఎవరూ వినలేదు.

"నీ పెళ్ళాం వేళ్ళు పొదుగు మీదే ఆగిపోతుంటే నువ్వేమన్నావు? ఊరేమంది? నేనేమీ అన్లేదు. నాకు మా తమ్ముడి కాళ్ళు కనబడ్డాయి. నువ్వు నమ్మలేదు. నేను నమ్మాను. నమ్మినదాన్ని కాబట్టే కుండ పొయ్యి మీద పెట్టాను. ఒక్కో గడ్డ లెక్కపెట్టి వేశాను. ఇవాళొక్కరోజు రెండు గడ్డలు ఎక్కువేశాను. అంతదూరం పోతోంది, మిషను ముందు కూర్చోవాలి, సత్తువ చాలదేమోనని."

"సత్తువ చాలింది అత్తా," అంది నెవెనా. "ఎంత చాలిందంటే మిషను నన్ను చూసి దుక్కిటెద్దనుకుంది. రెండుసార్లు. నీ చేత్తో నా జబ్బుని దాచిపెట్టావు. ఒక్క మాట చెప్పి ఉంటే?"

"చెబితే తాగేదానివా?"

నెవెనా సీసాలోని గడ్డల వైపు చూసింది.

"పనిచేసింది కదా!" అంది వెలికా, ఆశగా. "కషాయానికి చేతులు లేచాయంటే జబ్బు ఉన్నట్టే. ఇంక మిషనెందుకు? నేనున్నంతకాలం కాచి పోస్తాను."

"నువ్వెన్నాళ్ళుంటావు? అడివిలో గడ్డలెన్నున్నాయి? ఈరోజు దారిలో నా పేగులు మెలిపడ్డాయి. రేపు ఇంకో రెండు ఎక్కువేస్తావు. ఆ పక్కింటి పిల్లకి ఎన్ని ఎక్కువయ్యాయి?"

వెలికా చేతులు నడుం గుడ్డలోకి పోయాయి.

అసెన్ ఒక్క అంగలో వచ్చి సీసా అందుకున్నాడు. బయటి రాతి మెట్టు వైపు చెయ్యెత్తాడు.

"పగలగొట్టకు!" నెవెనా అతని మోచెయ్యి పట్టుకుంది. పట్టు నిలవలేదు, వేళ్ళు బట్ట మీంచి జారాయి. అయినా అతను ఆగాడు. "ఇది గురువారం నాతో రావాలి. డాక్టరమ్మకి చూపించాలి. మీ అమ్మ కూడా రావాలి. వచ్చి తన నోటితోనే చెప్పాలి."

"నేనా?" అంది వెలికా. "నన్ను జైల్లో పెట్టరూ?"

"పెడితే నేను చారు కాచుకోలేనే," అన్నాడు గెన్చో. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

అసెన్ సీసాని మెల్లగా దించి నెవెనా చేతికిచ్చాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుంది. మొహం మొహానికి దగ్గరగా ఉన్నప్పుడు అతనికి కనబడింది. ఆమె ఎడమ రెప్ప దిగుతోంది. తలుపుకి తెర జారినట్టు, మెల్లగా, తనంతట తాను. పొద్దుటి కషాయం దిగిపోతోంది.

శీతాకాలమంతా ఆ రెప్ప అలాగే వాలి ఉండేది. నిద్రమొహం అనేవాడు. వాలుతుండగా చూడటం ఇదే మొదలు.

"గురువారం దాకా," అన్నాడు. "గురువారం దాకా అది లేకుండా ఉండగలవా?"

"ఉండాలి," అంది నెవెనా. "ఉంటేనే కదా మిషనుకి కనబడతాను."

*

ఆ సాయంత్రం ఆవుల దగ్గరికి అసెన్ ఒక్కడే పోయాడు. ఏడింటినీ పితికి వచ్చి, చేతులు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు.

వెలికా నాలుగు గిన్నెల్లో చారు పోసింది. రొట్టె కోసింది. ఊరబెట్టిన క్యాబేజీ పెట్టింది. సీసా బల్ల మధ్యలోనే ఉంది, ఉప్పు డబ్బా పక్కన. నెవెనాయే అక్కడ పెట్టింది. దాన్ని ఎవరూ జరపలేదు.

గెన్చో శిలువ వేసుకున్నాడు. తినడం మొదలెట్టారు.

నెవెనా మొదటి అయిదారు చెంచాలు బాగానే తింది. తర్వాత రొట్టె నమలడం నెమ్మదించింది. దవడ కిందికి వేలాడబోతే గుప్పిటితో పైకి తోసి పట్టుకుంది. అలా పట్టుకునే నమిలింది. ఒక చెంచా చారు ముక్కులోంచి వెనక్కి వచ్చింది. గుడ్డతో తుడుచుకుని, కాసేపు ఆగి, మళ్ళీ చెంచా ఎత్తింది.

వెలికా చెయ్యి సీసా వైపు పోయింది. సగం దారిలో ఆగింది. బల్ల మీద అలాగే ఉండిపోయింది, వెనక్కి తీసుకోవడం మర్చిపోయినట్టు.

అసెన్ భార్య గిన్నె తన వైపు లాక్కున్నాడు. చెంచా వెనక్కి తిప్పి, గింజల్ని ఒక్కొక్కటిగా గిన్నె అంచుకి నొక్కి మెదిపాడు. మెత్తటి రొట్టె నానేశాడు. గిన్నె మళ్ళీ ఆమె ముందుకి జరిపాడు.

ఆమె చెంచా నోట్లో పెట్టుకుంది. దవడ చేత్తో పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

మిగతా ముగ్గురి చెంచాలూ గాల్లో ఆగాయి. గిన్నెల్లో చారు చల్లారుతోంది. బయట ఏదో ఆవు గంట ఒకసారి మోగి ఊరుకుంది. ఆమె మింగేదాకా ఆ బల్ల దగ్గర ఎవరూ మింగలేదు.